అమ్మ చూసిన గద్వాల కోట

గద్వాల పోయే రైల్లో ఎదుటి సీటు పెద్దామె మూట విప్పగానే కరిజెల వాసన గుప్పుమంది. పక్కన మా ఆవిడ ఫోన్లో చార్జింగ్ ఎంతుందో చూసుకుంటోంది. తుంటి విరిగి మంచం పట్టిన అమ్మకు కోటను వీడియో కాల్‌లోనైనా చూపించి సాయంత్రానికి తిరిగి రావాలని బయల్దేరాం. నేను మాత్రం ఆ వాసనకు ఏడేళ్ల వాణ్నై మా నాయిన ఒళ్లో కూర్చున్నాను.

పల్లికాయ పీకుడు అయిపోయి, కల్లాల్లో పచ్చికాయల వాసన ఇంకా ఆరకముందే, పిల్లలమంతా చలికి మంట చుట్టూ చేరి కాయలు కాల్చుకు తింటున్న ఒక పొద్దున, అమ్మను గద్వాల కోటకు తీసుకుపోతానన్నాడు నాయిన. పెళ్లయిన నాటి నుంచి అమ్మ అడిగిన కోరిక అదొక్కటే. నాయనమ్మ ఊరుకుంటుందా! "పెండ్లాన్ని ఏస్కొని షికార్లేందిరా? నలుగురు నవ్వరా?" అని దులిపేసింది. ఆలుమగలు జంటగా ఊరు దాటితే సిగ్గుచేటు ఆ రోజుల్లో. అందుకని నడుమ అడ్డంగా నన్ను పెట్టుకున్నారు. పండగకు తప్ప చేయని కరిజెలు, కొబ్బరీ బెల్లమూ దట్టించి, అమ్మ బట్టసంచి నిండా కట్టింది.

వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలు ఎంతకీ రాదే! నాయిన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కృష్ణ దాటి గద్వాలలో దిగేసరికి పొద్దు వాలింది, తిరుగు బండి అవతల సిద్ధంగా ఉంది. అది తప్పితే తెల్లారేదాకా మరొకటి లేదు, ఇంట్లో నాయనమ్మ ఉంది.

"కోట ఏ దిక్కుంటది?" అంది అమ్మ. నాయిన వేపచెట్ల వైపు చెయ్యి చూపాడు. గార్డు ఈల వేసేదాకా అమ్మ ఆ చెట్లనే చూస్తూ నిలబడింది.

మర్నాడు బాయికాడ ఆడవాళ్లు చుట్టుముడితే, ఏం చూశానంటుంది పాపం! ఏనుగులు పట్టే దర్వాజా అంది, అద్దాల మేడ అంది, గోడల మీద నెమళ్లంది. నేను నోరు తెరవబోతే, ఎడ్లకు నీళ్లు పెట్టడానికొచ్చిన నాయిన నా భుజం నొక్కాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మేడకు అంతస్తులు పెరిగాయే గాని తగ్గలేదు. చెప్పగా చెప్పగా అమ్మకే అది నిజమైపోయింది. ఎవరైనా అనుమానపడితే నాయిన బీడీ ముట్టించుకుంటూ "ఔ, నేను గూడ సూసిన" అనేవాడు.

ఇప్పుడు జంటగా పోతే నవ్వేవాళ్లు లేరు, నాయనమ్మ లేదు, నాయినా లేడు. రైలు మమ్మల్ని వేళకే దించింది. కోటలో నిలబడి గుడి గోపురమూ, మట్టి బురుజులూ, కూలిన గోడల మీద మొలిచిన చెట్లూ అన్నీ తిప్పి తిప్పి అమ్మకు చూపించాను.

"గిది గాదు కొడుకా," అంది అమ్మ, ఫోన్‌కు మొహం ఆనించి.

"గిదే అత్తమ్మా, గద్వాల కోట," అంది మా ఆవిడ.

"నీకు తెల్వదు బిడ్డా. మీ మామ ఉంటే చెప్తుండె." ఫోన్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది. "కొడుకా, నువ్వు గూడ ఒస్తివి గద. అద్దాల మేడ ఏది? జర గటు తిప్పు."

నేను ఫోన్‌ను మెల్లగా గోడల మీది చెట్ల వైపు తిప్పాను.