నా ఈడు సీసా

ఆ రోజుల్లో గోదావరిఖనిలో కొత్తగా ఉద్యోగం దొరికిన కుర్రాడికి రెండే కోరికలుండేవి: ఒక సైకిలు, ఒక పెళ్లి. సైకిలు మొదటి జీతాల్లోనే వచ్చేసింది. పెళ్లి దగ్గరే బండి ఆగింది. పిల్ల ఎక్కడిదో కాదు, మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆ పిల్ల పేరుతో నన్ను ఏడిపించినవాళ్లే. తీరా నేను గనిలో మైనింగ్ సర్దార్‌గా చేరేసరికి (షిఫ్టులో ఒక గుంపు కార్మికుల మంచిచెడ్డలు చూసుకునే పని, నెత్తిమీద దీపం తప్ప వేరే వెలుగు లేని పదవి) మామ అడ్డం తిరిగాడు. ఆయన గోదావరి ఒడ్డు ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. "నేను చెట్టు మీదికెల్లి పడ్డా పదిమందికి కనపడ్త. బొగ్గుబాయిల దిగినోడు ఏడున్నడో ఎవనికెరుక? పొద్దుగాల పోయినోడు మాపటికి వస్తడో రాడో. నా బిడ్డనియ్య" అని మా అమ్మకు మొహం మీదే చెప్పేశాడు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. (మర్నాడు రెండింతలు తిన్నాను, అది వేరే సంగతి.)

సరిగ్గా అప్పుడే మా గనికి బొగ్గు కోసే కొత్త మిషన్ వచ్చింది. దాన్ని బిగించడానికి ఫ్రాన్స్ నుంచి ఒక ఇంజినీరు దిగాడు. మన ఎండకు మొహం కందిపోయిన ఆయనకు కార్మికులు ఎర్రదొర అని పేరు పెట్టారు. పీయూసీ దాకా పోయి తప్పిన పుణ్యానికి నన్ను ఆయనకు దుబాసీగా తోడిచ్చారు. ఆయన ఇంగ్లీషు ఆయనది, నా ఇంగ్లీషు నాది. ఎట్లాగో మిషన్ నడిచింది. అది మొదటిసారి బొగ్గు కోసిన రోజు దొర నన్ను భుజాలు పట్టి ఊపేసి, గెస్ట్‌హౌస్‌కు లాక్కెళ్లి, నీళ్లు చల్లబరిచే రంజన్ కుండ పక్కన తడి ఇసుకలో పాతిపెట్టిన సీసా ఒకటి చూపించాడు. వాళ్ల నాన్న చేతులతో చేసిన బోర్డో ఎర్ర వైన్. "నువ్వెప్పుడు పుట్టావు?" అని అడిగి, నేను చెప్పగానే గంతేసినంత పని చేశాడు. ఆ ద్రాక్ష కోసిన ఏడూ, నేను పుట్టిన ఏడూ ఒకటేనట! దీన్ని నీతోనే తాగుతాను, బదులుగా మీ ఊరి చెట్టు వైన్ నాకు తాగించు అన్నాడు. నాకు మామ గుర్తొచ్చాడు. దొర అంతటివాడు నా పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెబితే పిల్లనివ్వక చస్తాడా!

ఆదివారం జీపులో తాటివనానికి బయలుదేరాం. గతుకు వచ్చినప్పుడల్లా దొర సీసాను చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాడు. మామ అప్పుడే దించిన కల్లు తాటాకు మడిచి చేసిన రేకలో పోస్తే, దొర సగం చొక్కా మీద పోసుకుని, మిగతా సగం తాగి ఏదో పెద్దగా అరిచాడు. ఆ అరుపుకు అర్థం మామకు నేను చెప్పాల్సిన పనిలేకపోయింది. ఆ తర్వాత దొర బిరడా తీసి, సీసాను పీట మీద నిలబెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

"మూత తీసి తాగొద్దంటడేందిరా? చూసుకుంట కూసుండాల్నా?" అన్నాడు మామ.

"కొంచెంసేపు గాలి తగలాల్నట మామా."

"గాలి తగిల్తె పులుస్తది గద! ఏం మనిషిరా ఈయన?"

ఆ ఎదురుచూపులోనే అసలు పంచాయితీ మొదలైంది. దొర వాళ్ల నాన్న ద్రాక్షను తొక్కతో, తొడిమతో రోజుల తరబడి నాననిచ్చి, చెక్క పీపాల్లో ఏళ్లు పెట్టేవాడట. మొదట్లో నాలుక పట్టేసేంత వగరు. ఆ వగరే దాన్ని ఇన్నాళ్లు బతికించిందట. ఇప్పుడు ఆ తోట చూసుకునే దొర తమ్ముడేమో పండు బాగా మాగేదాకా ఆగి, తొడిమలు తీసేసి, మెత్తగా గొంతు దిగేటట్టు చేసి తొందరగా అమ్మేస్తున్నాడట. ఇన్నేళ్లు ఎవరు ఆగుతారన్నది తమ్ముడి వాదన. నేను తెలుగు చేసి చెప్పానో లేదో, మామ తొడ చరిచాడు. "మా తాన గంతే దొరా! బాయిలు పడ్డంక మూడు షిఫ్టులకు కల్లు గావాలె. చెట్టు ఇస్తదా? నీళ్లు పోసి, శాక్రిన్ కలిపి అమ్ముతున్నరు. గది కల్లేనా?" ఇక ఇద్దరూ లేచి నిలబడ్డారు. దొర ఫ్రెంచిలో, మామ తెలుగులో, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఒకటే కేకలు. నన్ను అడిగేవాడే లేడు.

నోరు మూసుకుని ఉంటే నేను నేనెందుకవుతాను? ఆ ఊపులో నేనూ ఒక మాట వేశాను: "షిఫ్టు దిగి అలసిపోయి వచ్చినోనికి మెత్తగ ఉంటెనే మంచిది గద మామా. ఆ తమ్ముడు చేసిందాంట్ల తప్పేమున్నది?" అదే మాట ఇంగ్లీషులోనూ చెప్పాను. ఇద్దరూ ఒక్కసారిగా నా మీదికి తిరిగారు. దొర మొహం ఇంకా ఎర్రబడింది. "ఆగుడు తెల్వని మందిరా మీరు!" అని మామ కసిరాడు. నా పెళ్లిని నేనే మట్టిలో కలుపుకున్నాను.

"షిఫ్టు దిగి అలసిపోయి వచ్చినోడు..." అని మామ నా మాటనే గొణుక్కున్నాడు. తర్వాత వంగి సీసా అందుకున్నాడు. గ్లాసుల్లో పోస్తాడని దొర మురిసిపోతున్నాడు. మా ఇళ్లలో ఏది తాగినా ముందు అమ్మవారికి సాక పోయాలి, భూమ్మీద నాలుగు చుక్కలు. ఆ సంగతి దొరకు చెప్పడం మరిచిపోయాను. మామ గని ఉన్న దిక్కుకు తిరిగి సీసా వంచాడు. నాలుగు చుక్కలు కాదు, ధార. ఆగదే!

"మైసమ్మ తల్లీ, నా బిడ్డను గీనికిస్తున్న. గీడు దినాం నీ కడుపులకు దిగుతడు. దిగినోన్ని దిగినట్టె పైలంగ పైకి పంపాలె. అందుకే ఎక్కువ పోస్తున్న, యాదిపెట్టుకో."

దొర కెవ్వుమన్నాడు. ఏమంటున్నాడు ఈయన, చెప్పు, చెప్పు అని నన్ను కుదుపుతున్నాడు. చివరికి కూతురు, దేవత, గని అని మూడు ముక్కలు చెప్పి ఏడ్చేశాను. దొరకు ఎంత అర్థమైందో కానీ, మామ చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుని, వెలుతురుకు పెట్టి మట్టం చూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, తనూ నేలమీద ఇంకొంచెం పోశాడు.

మిగిలింది ముగ్గురం పంచుకున్నాం. దొర కళ్లు మూసుకుని, వానకు తడిసిన మన్ను, పొగాకు, వాళ్ల నాన్న పాతకోటు వాసన అంటూ ఏదేదో చెప్పాడు. మామ నాలుక మీద అటూ ఇటూ తిప్పి, "వగరున్నది. ముసలిదే గని పానం గట్టిది" అన్నాడు. నేను నా వయసంతా సీసాలో మాగిన ఆ వైన్‌ను ఒక్క గుక్కలో మింగేశాను. ఎలా ఉందని దొర ఆత్రంగా అడిగితే, తియ్యగా ఉందన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. సాక పోసినప్పుడు కూడా పాపం అంత కుంగిపోలేదు.

రిటైరయ్యాక మా అబ్బాయి హైదరాబాదులో ఒక పెద్ద హోటల్‌కు తీసుకెళ్లి బోర్డో వైన్ ఇప్పించాడు. ఈసారి బుద్ధిగా, నాలుక మీద నిలిపి నిలిపి తాగాను. ఎక్కడా తీపి లేదు, ఒకటే వగరు. మా ఆవిడ పక్కనుంచి, "అప్పుడు తియ్యగుండె అంటివి గదా?" అని నవ్వింది. ఆమె మొహం చూస్తూ కూర్చుండిపోయాను. ఆ కుర్రాడు తెలివితక్కువవాడే కానీ, అబద్ధమైతే చెప్పలేదు.