మంచు కింద రెండు మిల్లీగ్రాములు

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు, ఒక జనవరిలో, కెనడాలోని అల్బెర్టాలో రాకీ పర్వతాల దిగువనున్న ఒక చిన్న సంరక్షిత సరస్సు బాధ్యత నాకు అప్పగించారు. హోదా సీనియర్ వాటర్ బయాలజిస్ట్. నా కింద ఒకే ఒక్క ఫీల్డ్ టెక్నీషియన్, శ్రీధర్. వరంగల్ మనిషి, నలభై దాటాయి. ఒంటారియో వైపు సార్నియా ఊళ్ళో కెమికల్ ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేసి వచ్చాడు. ఇక్కడ కాంట్రాక్ట్ ఉద్యోగం. దాని మీదే అతని పీఆర్ అప్లికేషన్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, నడుస్తోంది.

ఆ సరస్సులో బయటి చేపలతో కలవని ట్రౌట్ జాతి ఉండేది. చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదు. గడ్డకట్టిన సరస్సు మీద మంచు మందంగా పేరుకుంటే వెలుతురు లోపలికి పోదు, అడుగున కుళ్ళే నాచు ఆక్సిజన్ తినేస్తుంది. అందుకే వారం వారం మంచుకు బెజ్జం వేసి, మీటర్ దించి కొలవాలి. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే నీళ్ళలోకి గాలి పంపే యంత్రం తెప్పించాలి. సంరక్షిత ప్రాంతం కాబట్టి దానికి పై ఆఫీసు అనుమతి కావాలి, ఆ అనుమతి అడగాల్సింది నేను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం శ్రీధర్ రెండు అని రాసుకొచ్చాడు. అంతకు ముందు వారం ఆరు ఉంది. మైనస్ ముప్పైలో మీటర్ కొన గడ్డకట్టి తప్పు చూపించడం మాకు మామూలే. "మీ మీటర్‌కి జలుబు చేసినట్టుంది" అని నవ్వాను కూడా.

"లేదు మేడం, మూడు హోల్స్ వేసి చూసిన. బాటిల్‌ల శాంపిల్ గూడ తెచ్చిన, ఒక్కసారి టెస్ట్ చేద్దాం" అన్నాడు.

సీసా పరీక్షకు అరగంట చాలు. సోమవారం చూద్దాంలే అన్నాను. రిజిస్టర్‌లో అతని అంకె పక్కన 'పరికర లోపం' అని రాసి, సంతకం పెట్టి ఇంటికెళ్ళాను. యంత్రం అడిగాక తీరా మీటరే తప్పని తేలితే పైవాళ్ళ ముందు నవ్వులపాలవుతానని నా భయం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం మంచు తుఫాను వచ్చి రోడ్డు మూసేశారు. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి బెజ్జం వేస్తే నీళ్ళు కుళ్ళిన గుడ్ల కంపు కొట్టాయి. మీటర్ సున్నా దగ్గర ఆగింది. శ్రీధర్ అంకె రాసుకుని, మీటర్ తుడిచి పెట్టెలో పెట్టాడు. మేలో మంచు కరిగాక ఒడ్డు పొడవునా చచ్చిన చేపలే. ఇద్దరం రెండు రోజులు వాటిని ఏరి, కొలిచి, సంచులకెత్తాం. బతికినది ఒక్కటీ దొరకలేదు.

విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను మందలిస్తూ ఒక లెటర్ ఇచ్చారు, అంతే. శ్రీధర్ తప్పేమీ లేదని స్పష్టంగా రాశారు. అయినా జూన్‌లో అతని కాంట్రాక్ట్ పొడిగించలేదు. చేపలు లేని సరస్సుకు ఆక్సిజన్ కొలిచే మనిషి అవసరం లేదన్నారు.

నమ్మబుద్ధి కాని అంకె వస్తే దాన్ని కొట్టెయ్యకూడదు, ఆ రోజే ఇంకో పద్ధతిలో మళ్ళీ కొలవాలి. ఇది మా మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంది. శ్రీధర్ ఉద్యోగంలో చేరిన రోజు ఆ పేజీ చదివించి, బల్ల గుద్ది మరీ చెప్పింది నేనే.