విన్నది విన్నట్టు రాసిన మాష్టారు

గత మంగళవారం ఉదయం కోటవురట్ల నుంచి ఒక శిష్యుడు ఫోన్ చేసి, "అప్పలనరసయ్య మాష్టారు మరి లేరండి" అన్నాడు. నమ్మలేకపోయాను. ముందురోజు సాయంత్రమే రేడియోలో ఆయనతో మాట్లాడాను. ఏళ్ళ తరబడి పత్రికలో ఎందరి మరణవార్తలో రాసిన చేతికి ఈ ఒక్క వాక్యం భారమైంది: నర్సీపట్నంలో మాకు రేడియో విద్య నేర్పిన గురువు అస్తమించారు.

రేడియో అంటే ఇక్కడ పాటలు వినే పెట్టె కాదు. సొంత సెట్టు పెట్టుకుని, సెల్ టవరుతో పనిలేకుండా ఊరికీ ఊరికీ మాట్లాడుకునే హామ్ రేడియో. దానికి ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. కొంత విద్యుత్తు, కొన్ని నిబంధనలు చదవాలి. ఆపైన పోలీసు విచారణ ముగిస్తే లైసెన్సు, దానితోపాటు కాల్ సైన్ అనే సొంత గుర్తు వస్తాయి. సైన్సు మాష్టారుగా రిటైరైన ఆయన తన ఇంటి ముందుగదిలో ఈ తొలిమెట్టు పరీక్షకు పాఠాలు చెప్పేవారు. డాబా మీది యాంటెన్నా తీగ మీద పక్కింటివారు దుప్పట్లు ఆరేస్తే కోప్పడేవారు కాదు. "ఇవాళ సిగ్నల్ కాస్త తడిగా ఉందండి" అనేవారు.

నిబంధనల దగ్గర మాత్రం పట్టువిడుపులు లేవు. వరద ముందస్తు ఏర్పాట్లు చూడటానికి వచ్చిన నాయకుడొకరు ఆయన మైకు అందుకోబోయారు. మాష్టారు దాన్ని నెమ్మదిగా వెనక్కి జరిపారు.

"తమరు ఇనొచ్చండి. మాటాడ్డానికి పరీక్ష రాయాలండి."

"నన్నే రాయమంటారేటి?"

"పుస్తకం ఇస్తానండి. బేగి అయిపోద్ది."

నాయకుడు పుస్తకం పట్టుకెళ్ళారు. పరీక్షా రాయలేదు, పుస్తకమూ తిరిగి రాలేదు.

శిష్యులకు ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే. "ఇన్నది ఇన్నట్టు రాయండి. మీ తెలివి కలపొద్దు." గాలిలో వచ్చిన ఊరి పేరును మనకు తెలిసిన పేరుగా దిద్దేస్తే, వరద ఒక ఊళ్ళో ఉంటే పడవ ఇంకో ఊరికి పోతుందని హెచ్చరించేవారు.

ఈ సూత్రమే ఒకసారి ఆయన్ని బోనెక్కించింది. నాతవరం దగ్గర ఒక పల్లెలో బట్టలు కుట్టే సిన్నమ్మలుకు నలభై దాటాయి. ఒక వానాకాలం ఆ ఊళ్ళో ఫోన్లు మూగబోయి, నొప్పులు పడుతున్న తోటికోడలికి అంబులెన్సును పిలవలేకపోయారు. బిడ్డ దక్కలేదు. "మళ్ళీ వానలొచ్చీసరికి మా ఊళ్ళో సెట్టు ఉండాల మాష్టారూ" అంటూ ఆమె షేర్ ఆటోలో పాఠాలకు వచ్చేది. తీరా దరఖాస్తు పెడితే వెనక్కొచ్చింది. ఆధార్‌లో ఆమె పేరు చిన్నమ్మలు. పదో తరగతి సర్టిఫికెట్‌లో సిన్నమ్మలు.

"ఎవురో తప్పు రాసీసేరు మాష్టారూ. ఇప్పుడేటి సేసేది?"

మాష్టారు ఆ సర్టిఫికెట్ అందుకుని పేరు మీద వేలు పెట్టారు. ఆయన తొలి ఉద్యోగం ఆ పల్లె బడిలోనే. "ఎవురో కాదమ్మా, నేనే. బళ్ళో సేరినప్పుడు నీ పేరేటమ్మా అంటే సిన్నమ్మలు అన్నావు. ఇన్నది ఇన్నట్టు రాసీసేను. అదే సర్టిఫికెట్ దాకా వచ్చీసింది."

"మా ఊళ్ళో 'చ' పలికినోళ్ళెవురు మాష్టారూ! తవరికి తెలీదేటి?"

గదిలో అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. సర్టిఫికెట్ దిద్దించడానికి ఆ వయసులో ఆఫీసుల చుట్టూ తానే తిరుగుతానన్నారు. సిన్నమ్మలు ఒప్పుకోలేదు. "మాయమ్మ పిలిసిన పేరే రాసేరు. ఆధారే మారుద్దాం" అంది.

ఆధార్ కేంద్రంలో ఆపరేటరు "సిన్నమ్మలంటే తప్పు కదండీ" అంటూ మళ్ళీ చిన్నమ్మలనే కొట్టాడు. మాష్టారు కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నారు. "బాబూ, నువ్వు దిద్దకు. ఆవిడేటందో అదే కొట్టు." అక్షరం అక్షరం చదివించుకుని గానీ లేవలేదు.

సిన్నమ్మలు పరీక్ష నెగ్గింది. లైసెన్సు మాత్రం ఆయన పోయిన మూడోనాడు వచ్చింది. కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చిన ఆమెను, మాష్టారి సెట్టు మీదే తొలి పిలుపు ఇమ్మన్నాం. ఆమె తల అడ్డంగా ఊపింది. "లైసెన్సులో మా ఊరి అడ్రస్సున్నాదండి. ఇక్కడ మైకు నొక్కితే మాష్టారు ఒప్పుకోరు." అని చెప్పి, మాష్టారు ఆమె కోసం సిద్ధం చేసి ఉంచిన సెట్టు పట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మాష్టారి భార్య, మేం నలుగురు శిష్యులం ముందుగదిలో సెట్టు చుట్టూ కూర్చున్నాం. గరగర మధ్య నుంచి ఆమె కాల్ సైన్, వెనకే పేరు వచ్చాయి. ఒక్క అక్షరమూ చెదరలేదు. మాకవరపాలెం నుంచి ఒకాయన బదులిచ్చి, చిన్నమ్మలు గారా అని అడిగారు.

"కాదండి, సిన్నమ్మలు. సియెర్రా, ఇండియా, నవంబర్..." అంటూ, ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి రేడియోవాళ్ళు వాడే మాటతో తన పేరు చివరిదాకా చెప్పింది.

మాష్టారి భార్య కళ్ళు తుడుచుకున్నారు. "బాగా ఇనబడతంది. ఆ ఊరికి ఇంక బెంగ లేదు" అని, ఆయన రోజూ వివరాలు రాసుకునే లాగ్ పుస్తకం నా ముందుకు తోశారు. "ఆయనుంటే ఈపాటికి రాసీవోరు బాబూ."

పుస్తకంలో ఆయన గుండ్రటి రాత సోమవారం సాయంత్రం దగ్గర ఆగిపోయింది. దాని కింద నేను సమయం వేసి, సిన్నమ్మలు అని రాశాను. ఆ పేజీ ఇక ఎవరెవరు నింపినా, ఆ రాత మళ్ళీ రాదు. మాష్టారూ, మీకు మా నమస్కారం.