అత్తమ్మ చుట్టిన సీక్ రోల్

మా అత్తమ్మ సంగతి పురానాపూల్‌లో మా గల్లీ మొత్తానికీ తెలుసు. గల్లీ మలుపులో సాయంత్రం పూట సీక్ కబాబుల బండి పెడతారు. దాని ముందు నుంచి పోవాల్సి వస్తే, ఇరవై అడుగుల ముందే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అవతలి గోడను ఒరుసుకుంటూ నడిచేది. మా ఇంటి కింద కిరాణా దుకాణం. పొద్దుటి నుంచి అన్ని రకాల మనుషులూ వచ్చిపోతుంటారు. కానీ మెట్లెక్కి పైకి వచ్చాక మాత్రం అది అత్తమ్మ రాజ్యం. అక్కడ గుడ్డు అనే మాట కూడా వినపడకూడదు. మా అమ్మవాళ్ళింట్లోనూ మాంసం తినరు గానీ ఇంత పట్టింపు లేదు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ రాజ్యం మీద నాకు మస్తు కోపం ఉండేది.

పెళ్ళైన రెండో ఏడు కడుపు నిలవలేదు. మూడో నెల నిండకుండానే పోయింది. అప్పుడు అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. ఆ మరుసటేడు మళ్ళీ నెల తప్పినప్పుడు, అయిదో నెల వచ్చేదాకా గాలికి కూడా తెలియకూడదని, దిష్టి తగులుతుందని నా చేత ఒట్టు వేయించుకుంది. కన్నతల్లికి కూడా చెప్పనివ్వలేదు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. అన్నం ఉడికే వాసన పడదు, పప్పు తాలింపు పడదు. చింతకాయ తొక్కంటే నాకు ప్రాణం, ఇప్పుడు ఆ జాడీ మూత తీస్తేనే కడుపులో తిప్పేది. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. మూడు వారాలకే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరమ్మ నన్ను తూచి చూసి మొహం ముడుచుకుంది. "ఏదైనా సరే, కడుపులో నిలవాలి. లేకపోతే చేర్చుకుని సెలైన్ ఎక్కించాల్సిందే" అంది. నాకు పోయిన ఏడాది చూసిన ఆసుపత్రి మంచమే కళ్ళ ముందు మెదిలింది. ఈ బిడ్డ కూడా పోతుందేమోనని రోజూ భయమే.

ఆ రోజుల్లో నాకు పడిన వాసన ఒక్కటే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక బండి మీద బొగ్గులు రాజేసి, మాంసం పట్టించిన ఇనప సీకులు వరసగా పేర్చగానే పొగ లేచేది. మాంసం తినాలని కాదు, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించేది. కానీ ఆ బొగ్గు, ఆ మసాలా, ఆ రొట్టె కాలిన వాసన కలిసి వస్తే నోట్లో నీళ్ళూరేవి. కిటికీ ఊచలకు మొహం ఆనించి, దొంగలా పీల్చుకుంటూ నిలబడేదాన్ని. ఒకరోజు అత్తమ్మ చూసింది.

"ఏం జేస్తున్నవే గాడ?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "గా వాసన మంచిగొస్తుంది అత్తమ్మా. గట్లాంటిది ఏదన్న తినబుద్ధయితుంది" అని ఏడ్చేశాను.

కిటికీ మూసేస్తుందనుకున్నాను, తెరిచే ఉంచింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళింది. పై నుంచి చూస్తే ఏముంది, కొంగు ముక్కుకు పెట్టుకునే ఉంది, కానీ సరిగ్గా ఆ బండి ముందే నిలబడింది. బండాయన చేతిలో విసనకర్ర ఆగిపోయింది. మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడట పాపం.

"భాయ్, దీంట్ల మాంసం కాకుంట ఇంకేమేం ఏస్తవో జెప్పు."

"మాంసం లేకుంటే సీక్ ఎట్లయితదమ్మా?"

"గది నా ఫికర్. నువ్వైతే జెప్పు."

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుదీనా, ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డ, గరం మసాలా, పచ్చి బొప్పాయి ముద్ద. బొప్పాయి అనగానే అత్తమ్మ కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది.

"పచ్చి బొప్పాయా! కడుపుతోని ఉన్న పిల్లకు ఎవలన్న బొప్పాయి పెడుతరా? నీ ఇంట్ల ఆడోళ్ళు లేరా?"

గల్లీ అంతా తలతిప్పి చూసింది. నా కన్నతల్లికి కూడా తెలియని రహస్యాన్ని కబాబులు తింటున్న జనం ముందు ఈవిడే కేక పెట్టి చెప్పేసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బండాయన మాత్రం గొంతు తగ్గించి, "ముబారక్ అమ్మా. బొప్పాయి మాంసం మెత్తగయ్యేటందుకే. మీకు దాని పనే లేదు" అన్నాడట. మరుసటి రోజు కాగితంలో చుట్టిన నాలుగు సీకులు దుకాణంలో ఇచ్చిపోయాడు. కొత్తవి, మాంసం తాకనివి అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చాడట.

ఆ సీకులు వంటింట్లోకి రాలేదు. డాబా మీద ఒక కుంపటి, ఒక గిన్నె, ఒక కడాయి వేరే సంసారం పెట్టుకున్నాయి. మీల్‌మేకర్ అత్తమ్మ నానబెట్టి, గట్టిగా పిండి, మసాలాలతో రుబ్బి సీకుకు పట్టించింది. మొదటిరోజు అంతా జారి బొగ్గుల్లో పడింది. రెండో రోజు పుట్నాల పొడి కలిపితే సగం నిలిచింది. మూడో రోజు నిలిచింది. బోర్లించిన కడాయి మీద మైదా రొట్టె పల్చగా కాల్చి, మధ్యలో సీకు నుంచి తీసిన ముద్ద, ఉల్లిగడ్డ చీలికలు, నిమ్మరసం, పుదీనా పచ్చడి పెట్టి చుట్టింది. బండి మీద ఇచ్చినట్టే కింద సగానికి కాగితం కూడా చుట్టింది.

ఉప్పు ఎక్కువైంది. రుచి చూడలేదా అని అడిగితే, "సూడనీకే మాంసం లెక్క ఉంది, నోట్ల ఎట్ల పెట్టుకుంట?" అంది. నేను సగం తిన్నాను. ఆమె ఎదురుగా బేసిన్ పట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. గంట గడిచినా బేసిన్ ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

ఇక రోజూ సాయంత్రం అదే నా తిండి. రెండు వారాలకు గాజులు మణికట్టు దగ్గర ఆగాయి. కానీ రోజూ ఆ వేళకు అత్తమ్మ జుట్టు తడిగా ఉండడం, రాత్రుళ్ళు దగ్గడం గమనించాను. చలికాలం, పైగా ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు రోల్ ప్లేటు నా మంచం దగ్గర పెట్టి పోతుంటే వెనకాలే వెళ్ళి బాత్రూం బయట నిలబడ్డాను. గీజర్ వేయలేదు. తల మీద నుంచి చన్నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చాక వణుకుతూ ఉంది.

"ఏందత్తమ్మా ఇది? గది మీల్‌మేకరే గదా, మాంసం గాదు గదా!"

"నాకు తెల్వదానే? నా చేతులకు తెల్వదు. సీకుకు వత్తుతుంటే మాంసం వత్తినట్టే ఉంటది. గా చేతులతోని దేవునికాడ దీపం ఎట్ల ముట్టియ్యాలె?"

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు ముందు వచ్చేది కోపం. "అయితే నాకొద్దు, రేపటి నుంచి చెయ్యకండి" అని గదిలోకి వచ్చి, ప్లేటు పక్కకు నెట్టి మంచం మీద అటు తిరిగి పడుకున్నాను.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. జుట్టు నుంచి నీళ్ళు నా భుజం మీద పడుతున్నాయి. తిరిగి చూస్తే, రోల్ ఆమె చేతిలో ఉంది. కాగితం విప్పి, తుంచి, నా నోటి దగ్గర పెట్టింది.

"ముట్టుకున్నరు అత్తమ్మా. మళ్ళ నీళ్ళు పోసుకోవాలె."

"పోసుకుంట. నువ్వు నోరు తెరువు. నువ్వు తినకుంట పండుకుంటే, గా దేవుని ముందర కూసొని నేను ఇంకేమడగాలె బిడ్డా?"

నోరు తెరిచాను. చివరి ముక్క దాకా ఆ చేతులతోనే పెట్టింది, తర్వాత లేచి మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళింది. చెంబు చప్పుడు రెండోసారి వింటూ, ఒక్క ముక్క కూడా బయటికి రానివ్వకూడదని కడుపు మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను.

శ్రావణంలో పాప పుట్టింది. నర్సు బట్టలో చుట్టి తెచ్చి, ముందు ఎవరి చేతికివ్వాలని అడిగింది. మా అమ్మ, మా ఆయన ఇద్దరూ ముందుకు వచ్చారు. నేను అత్తమ్మ చేతులు చూపించాను.