ముత్తవ్వ కట్టిన శిస్తు

కరోనా తగ్గి దుబాయ్‌లో మా కుట్టు దుకాణం మళ్లీ తెరిచిన ఏడాది, జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉండే తమ్ముడు నా ఫోనుకు పదకొండు ఫొటోలు పంపాడు. పట్టా పుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి పాత పహాణీల నకళ్లు కావాలంటే, జిల్లా కచేరీలోని రికార్డు గదికి పోయి తెచ్చుకున్నాడు. ఏ భూమి ఎవరి పేర ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు, శిస్తు ఎవరు కట్టాలి అని పట్వారీ ఏటేటా రాసేదే పహాణీ. దగ్గరి కాలానివి తెలుగులోనే ఉన్నాయి. నిజాం నాటివి మాత్రం ఉర్దూలో ఉన్నాయి. మా చుట్టుపక్కల వాటిని చదవగలిగే మనిషి దొరకలేదట. దుబాయ్‌లో ఉర్దూ వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు కదా, కాస్త చదివించమన్నాడు.

వెతకాల్సిన పని లేదు. ఇక్కడి సత్వా పేటలో నేను పనిచేసే దుకాణంలో బట్ట కత్తిరించే మాస్టరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. అరవై దాటాయి. మా ఆయన పోయిన రెండేళ్లకు నేను వీసా మీద వచ్చినప్పుడు నా కాగితాలు చూసి పనిలో పెట్టించింది ఆయనే. నేను విధవనని ఆ దుకాణంలో ఆయన ఒక్కడికే తెలుసు. నాతో గది పంచుకునే ఆడవాళ్లకు నా భర్త ఊళ్లో వ్యవసాయం చేస్తున్నాడని చెప్పాను. ఒకసారి చెప్పాక ఆ మాటను నిలబెట్టుకుంటూ రావాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, పక్క టైపింగ్ సెంటరులో ఆ ఫొటోలు పెద్దగా ప్రింటు తీయించి కత్తిరింపు బల్ల మీద పరిచాను. మాస్టరు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. అది అచ్చు ఉర్దూ కాదు, గొలుసుకట్టు రాత. చుక్కలు కూడా పెట్టని పట్వారీని మొదటి పావుగంట తిట్టుకున్నాడు. తర్వాత మెల్లగా రాత ఆయనకు పట్టుబడింది. ఊరి పేరు చదివాడు, సర్వే నంబరు చదివాడు. పట్టాదారు గడిలో వేలు పెట్టి మా ముత్తవ్వ పేరు చదివాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ భూమి మా ముత్తాత సంపాదించాడనే ఇంట్లో అందరం విన్నాం. పొలంలో ఉన్న మోటబావిని ఊరు ఊరంతా ఆయన పేరుతోనే పిలుస్తుంది. ముత్తవ్వ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

మాస్టరు ఆమె పేరు చదివి, ఒక మాట వదిలేసి, ముత్తాత పేరు చదివాడు. వేలు దాటిపోవడం నేను చూశాను.

"నడుమ ఏదో ఇడిచిపెట్టిన్రు మాస్టర్ సాబ్," అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "బేవా అని ఉంది బిడ్డా. భర్త పోయినామె అని. నీ ముందు చదువుడు ఎందుకని..."

"చదువున్రి. అట్ల రాసి ఉంటే అట్లనే చదువున్రి," అన్నాను.

మళ్లీ మొదటినుంచి చదివాడు. పట్టాదారు ఫలానా, బేవా ఫలానా. దున్నేవారి గడిలో 'ఖుద్' అని ఉంది, అంటే తానే. ఆ మాట దగ్గర ఆయన గొంతు పెరిగింది. అవతల మిషన్ల మీద ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

కాగితాలను ఏళ్ల వరుసలో పెట్టాం. మొదటి ఐదింటిలోనూ ఆమె పేరే, పంట జొన్న, నీటి గడి ఖాళీ. ఆరో ఏటి కాగితంలో నీటి గడిలో 'బావ్లీ' అని ఉంది, అంటే బావి. పంట గడిలో జొన్నతో పాటు వరి చేరింది. అక్కడినుంచి ప్రతి ఏడూ వరి ఉంది. నేను ఆ వరుసను రెండుసార్లు సరిచూసుకున్నాను. భర్త పోయినప్పుడు అక్కడ బావి లేదు. ఆయన పోయాక కనీసం ఐదేళ్లకు వచ్చింది. అయితే అది ఆయన బావి ఎట్లా అవుతుంది?

తమ్ముడికి ఫోన్ చేసి చెబితే నమ్మలేదు. పట్వారీ ఆలస్యంగా రాసి ఉంటాడన్నాడు. తేల్చగలిగింది మా మేనత్త ఒక్కతే. ముత్తవ్వ పోయేనాటికి ఆమె పావడా కట్టే పిల్ల. ఆమెకు ఫోన్ చేసి కాగితంలో ఉన్నదంతా చెప్పాను.

"అవ్వదే బావి," అంది. "వడ్డెరోళ్లను పెట్టి తవ్విపిచ్చింది. తనుగూడ తట్టలు మోసింది. తల మీద ఎంటికలు రాలి అరచెయ్యంత బోడిగుండు ఉండె. నేనే నూనె పెడుతుంటి."

మరి ఆయన పేరెందుకు వచ్చిందని అడిగాను. ముండమోపి తవ్వించిన బావి అంటే పెళ్లి నీళ్లకు, కొత్త బావిలో మొదటి నీళ్లు తోడడానికి ఎవరూ రారని ఆమే భర్త పేరు పెట్టిందట. ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదంది.

ఆ వారం గదిలో వండుకుంటూ నాతో ఉండే ఇద్దరికీ నా సంగతి చెప్పేశాను. ముత్తవ్వ కథ మొదలుపెడితే దానిలోంచే నాదీ వచ్చేసింది. ఒకామె, కడప వైపు ముస్లిం, ఉల్లిగడ్డలు తరగడం ఆపి, ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా అని అడిగింది.

తమ్ముడు ఆ తర్వాత పంపిన కాగితాలకు మాస్టరును విసిగించడం ఇష్టం లేక ఉర్దూ నేర్పమన్నాను. కత్తిరింపు సుద్దతో అబాయాలకు, అంటే బురఖాలకు, వాడే నల్ల గుడ్డ పీలికల మీద అక్షరాలు రాసి చూపేవాడు. ఏడాది పట్టింది. పట్వారీ రాతలోని పేర్లు, పంటలు, నీటి వివరం నేనే కూడబలుక్కోగలిగాను. తమ్ముడు కచేరీలో ఇవ్వడానికి రాసిన వంశవృక్షం ముత్తాతతో మొదలైంది. పక్కన ముత్తవ్వ పేరు రాయించి, ఆధారంగా ఆరో ఏటి పహాణీని జతచేయించాను. ఈసారి అతను వాదించలేదు.

మొన్న సెలవుకు వెళ్లినప్పుడు ఆ రికార్డు గదికి నేనూ వెళ్లాను. ఇంకా పాతవి ఉన్నాయేమోనని అడిగితే గుమస్తా ఒక కట్ట తీసి, తనకు ఉర్దూ రాదని, చదివేవాళ్లను వెంట తెచ్చుకోవాలని చెప్పాడు. నేనే చదువుతానన్నాను. ఆయన నా చీరను, నా మొహాన్ని చూసి నమ్మకం లేకుండానే కట్ట ముందుకు జరిపాడు. మా ఊరి పేజీ వెతికి వరుసగా చదువుతుంటే గుమస్తా తన పని ఆపి విన్నాడు.

బల్ల చివర ఒక పెద్దామె నకలు కాగితం పట్టుకుని పొద్దుటినుంచి కూర్చుని ఉంది. నేను ముగించేదాకా ఆగి, లేచి నా దగ్గరకు వచ్చింది.

"నాదిగూడ జర చదువు బిడ్డా. మావోళ్ల పేరున్నదో లేదో," అంది.

కుర్చీ జరిపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాగితాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి, కుడినుంచి మొదలుపెట్టాను.