మా జేజి అడిగిన ఇశ్రాయేలు

మొన్న ప్రొద్దుటూరు అంగడిలో దారానికి గుచ్చిన ఎండు అంజూరపండ్ల దండను ముక్కు దగ్గర పెట్టుకుంటే, తేనె, దుమ్ము కలిసిన ఆ వాసన నన్ను జమ్మలమడుగులో మా నాయన క్రైస్తవ గుడిలో ఉపదేశిగా ఉన్న రోజుల్లోకి, ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన కాలంలోకి లాక్కుపోయింది.

అప్పట్లో అంజూరం మాకు బైబిల్లో మాట మాత్రమే. కొర్రలు, సెనక్కాయలు ఇంటికి చేరాక వచ్చే కోత పండుగే మా పిల్లల లోకం. గుడి ముందర పందిరి, పెన్న నుంచి తెచ్చి పరిచిన ఇసుక, దాని మీద ఈత చాపలు, ఉడికిన సెనక్కాయల ఆవిరి, ఓళిగలు కాలే నెయ్యి వాసన, కానుకగా తెచ్చిన కోళ్లు కాళ్లు కట్టేసినా పాటలకు అడ్డుపడుతూ అరవడం, ఇవన్నీ కలిసి పరలోకమంటే ఇదేననిపించేది.

ఆ ఏడు మాత్రం నాయనను కన్న మా జేజి ముఖం ముడుచుకునే ఉంది. ఆమె చిన్నకొడుకు, అంటే మా చిన్నాయన, పేరు ఇశ్రాయేలు. బడిపంతులు శిక్షణకు పొమ్మని నాయన, ఎద్దుబండ్లు చేసే పని నేర్చుకుంటానని చిన్నాయన పోట్లాడుకున్నారు. "అయితే నా గడప తొక్కొద్దు" అన్నాడు నాయన. చిన్నాయన పులివెందుల చేరి అప్పటికి రెండేళ్లు. జేజి అడిగినప్పుడల్లా నాయన మాట మార్చేవాడు.

పండుగకు కోస్తా నుంచి ఒక బోధకుడు వచ్చాడు. రెండు గుంజల మధ్య అంత్యదినాల బొమ్మలున్న పెద్ద గుడ్డపటం కట్టించి, బెత్తంతో చూపిస్తూ గొంతెత్తాడు: "చెదరిపోయిన ఇశ్రాయేలు తిరిగి తన దేశానికి వచ్చాడు! అంజూరపు చెట్టు చిగురించింది! ప్రభువు రాకడ సమీపించింది!"

కాస్త చెవుడున్న జేజి చాప మీద నుంచి దిగ్గున లేచింది. "యాడికొచ్చినాడయ్యా నా కొడుకు? నువ్వు చూసినావా?"

పందిరంతా గొల్లున నవ్వింది. బెత్తం పటం మీదే ఆగిపోయింది. నాయన తల దించుకున్నాడు. నేనూ నవ్వబోయి, జేజి ముఖం చూసి ఊరుకున్నాను.

మధ్యాహ్నం మా ఇంట్లో సంగటి, కోడికూర తింటూ నాయనా, బోధకుడూ వాదానికి దిగారు. ఇశ్రాయేలంటే ఈమధ్యే ఏర్పడిన ఆ యూదుల దేశమే, ఆ జనమే, ప్రవచనం అక్షరాలా నెరవేరుతోందని బోధకుడు. కాదు, దేవుడి వైపు తిరిగినవాళ్లంతా ఇశ్రాయేలే, ఆ వాగ్దానం మనదీ అని నాయన. వడ్డిస్తున్న జేజి గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అందరూ ఇశ్రాయేలే అంటాండావు. మరి నీ తమ్ముడొక్కడే కాకుండా పోయినాడా?"

బోధకుడు మెల్లగా, "అమ్మగారి ప్రశ్నకు నా పటంలో జవాబు లేదండీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాయన నన్ను వెంటబెట్టుకుని పులివెందుల బస్సెక్కాడు. ఖాదర్ సాబు అనే ముసలాయన కొట్టంలో చిన్నాయన బండిచక్రానికి ఆకుకర్రలు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి సుత్తి కింద పెట్టాడు. నాయన ఆ చక్రాన్ని చేత్తో తడిమి, "శానా బాగా చేసినావురా. అమ్మ ఎదురుచూస్తాంది, పా" అన్నాడు.

"పిలుచుకొని పో అప్పా. పని మాత్రం మానిపించొద్దు" అన్నాడు ఖాదర్ సాబు.

నాయన మానిపించలేదు. చిన్నాయన మా వీధిలోనే బండ్ల కొట్టం పెట్టాడు. మేం ముగ్గురం ఇల్లు చేరిన ఆ సాయంత్రం జేజి మిగిలిన ఓళిగలన్నీ అతని ముందు పెట్టి, "ఆ బోధకుడయ్య నిజమే చెప్పినాడు గదా!" అంది. అక్షరాలా నమ్మకూడదని వాదించిన నాయనే ఆ పూట "అవునమ్మా" అంటూ ఒక ఓళిగ అందుకున్నాడు.

ఇప్పుడు ఎద్దుబండ్లు లేవు, పందిట్లో ఇసుక పరిచేవాళ్లూ లేరు. అంత్యదినాల ప్రసంగాలు రంగు రంగుల పటాలతో సెల్‌ఫోన్లోకే వస్తున్నాయి. ఇశ్రాయేలంటే ఎవరని మావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. వాక్యం మధ్యలో చెప్పేవాణ్ణి ఆపి, తన బిడ్డ సంగతి అడిగే ముసలామె మాత్రం ఎక్కడా కనబడదు.