పసుపు గుడ్డలో నక్షత్రం రూపాయి

"రూపాయి ఏదైనా రూపాయే కదా" అని ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట నాతో అన్నది ఇద్దరు. ఒకాయన నెహ్రూ నగర్‌లో ఉండే రిటైర్డ్ ఆఫీసరు, నాలాగే నాణేలు పోగుచేసే మనిషి. రెండోవాడు నా సొంత తమ్ముడు. ఆఫీసరు అన్నీ తెలిసి అన్నాడు. తమ్ముడు ఏమీ తెలియక అన్నాడు. నష్టం మాత్రం ఇద్దరూ సమానంగా చేశారు.

నేను దుర్గ్ దగ్గర ఖుర్సీపార్‌లో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికని వచ్చి, అది దొరక్క, దొరికినవాళ్ళకి ఉప్పూ పప్పూ అమ్మడం మొదలుపెట్టాడు. అటుపక్క పెద్దమ్మది బట్టల కొట్టు, ఇటుపక్క మావయ్యది గిన్నెల కొట్టు. మా ఇళ్ళలో పిల్లలకి అక్షరాల కన్నా ముందు "ఆఖరి ధర చెప్పు" అనడం వచ్చేస్తుంది. నేను కొత్తిమీర కట్ట బేరం మొదలుపెడితే మా ఆయన సిగ్గుతో రోడ్డు దాటి అవతల నిలబడతాడు. నాన్న పోయాక ఆ కొట్టు నేనే నడుపుతున్నాను. కొట్టు వెనకే అమ్మా, తమ్ముడూ ఉంటారు.

నాణేల పిచ్చి కూడా ఆ గల్లా దగ్గరే పట్టుకుంది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు చిల్లర బోర్లించి ఒక్కొక్కటీ చూసేదాన్ని. సంవత్సరం అంకె కింద చిన్న గుర్తు ఉంటుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి టంకశాలలో తయారైనట్టు, నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఎక్కడైనా బరువు తక్కువ నాణెమో, లోహం తేడా చేసిన నాణెమో బయటపడితే ఎవరిని నిలదీయాలో తెలియాలి కదా, అందుకే ఈ గుర్తులు.

అవి మారుతుంటాయి కూడా. హైదరాబాదుదే ఒకప్పుడు చీలిన వజ్రం, వజ్రంలో చుక్క ఉండే గుర్తు ఇంకొకటి, తర్వాత నక్షత్రం. ఎందుకు మారాయంటే మా నాణేలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మనిషికో సిద్ధాంతం. ముంబయి అచ్చులు హైదరాబాదుకి వెళ్తే వాటి మీది వజ్రాన్నే కాస్త చీల్చి తమదిగా గుర్తుపట్టేలా చేసుకున్నారని కొందరంటారు. అచ్చు మారినా, కొత్త టంకశాల వచ్చినా గుర్తు మారక ఏంచేస్తుందని ఇంకొందరు. ఒకాయనకి సంవత్సరం ముఖ్యం, ఇంకొకాయనకి గుర్తు ముఖ్యం. మరో రకం వాళ్ళకి చరిత్రతో పనిలేదు, ఆల్బమ్‌లో ఖాళీ గడి నిండితే చాలు. నేను ఆ రకం. ఆఫీసరూ ఆ రకమే.

ఇక ముడుపు సంగతి. తమ్ముడు బాగా చిన్నప్పుడు జ్వరం తలకెక్కి ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉంటే, అమ్మ ఒక రూపాయి పసుపు గుడ్డలో కట్టి సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. పిల్లాడు లేచాడు. మొక్కు మాత్రం తీరలేదు. ఒకసారి కొట్టు మూయలేమన్నారు, ఒకసారి నాన్న మంచాన పడ్డాడు, తర్వాత అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. ముడుపు దేవుడి మూల మేకుకి వేలాడుతూనే ఉండిపోయింది. మొన్నామధ్య అమ్మ గట్టిగా పట్టుబట్టింది.

"నానింక ఆగను. సామి రూపాయి సామికిచ్చీసి వస్తాను. మీరు తీసుకెల్తే తీసుకెల్లండి, నేదంటే నానే రైలెక్కీస్తాను."

దుర్గ్ నుంచి విశాఖ వెళ్ళే బండికి ముగ్గురికీ టికెట్లు తీశాను. పాత గుడ్డ చీకిపోయిందని, కొత్త గుడ్డలో కట్టమని అమ్మ ముడుపు నా చేతికిచ్చింది. విప్పి చూస్తే పసుపు పట్టేసిన రూపాయి, సంవత్సరం కింద నక్షత్రం. ఆ సంవత్సరానికి వజ్రం నా దగ్గర ఉంది, గుర్తు లేనిదీ ఉంది. నక్షత్రం కోసం దుర్గ్, రాయపూర్ బజార్లన్నీ గాలించాను. అదేమో ఇన్నేళ్ళూ మా ఇంట్లోనే, నా నెత్తి మీదే వేలాడుతూ ఉంది! అమ్మకి కనబడకుండా ఫోటో తీసుకుని, కొత్త గుడ్డలో కట్టి మేకుకి తగిలించాను. అక్కడితో ఆగితే బాగుండేది. గ్రూపులో పదిమంది కుళ్ళుకోకపోతే నాకు తిన్నది అరగదు. ఫోటో పెట్టేశాను.

మర్నాడే ఆఫీసరు కొట్టుకి వచ్చాడు.

"ఏమ్మా, ఆ నక్షత్రం నాకిచ్చేయకూడదూ? ధర నువ్వే చెప్పు."

"అమ్మేది కాదు సార్. దేవుడి ముడుపు."

"ముడుపులో ఇంకోటి కట్టండి. దేవుడేమైనా టంకశాల గుర్తు చూసుకుంటాడా? రూపాయి ఏదైనా రూపాయే కదా."

"అయితే మీరే ఇంకోటి తీసుకోండి సార్. గల్లాలో బోలెడున్నాయి. ఏరి ఇమ్మంటారా?"

ఆయన నవ్వి, కొట్టువాళ్ళతో మాట్లాడి గెలవలేమని ఒప్పుకుని, అరకిలో బెల్లం కొనుక్కుని వెళ్ళాడు. బెల్లం ధర అడగను కూడా అడగలేదు. బేరమాడని మనిషి ఇంకేదో లెక్కలో ఉన్నాడని నాకు అప్పుడే తట్టాలి. గెలిచానన్న సంబరంలో తట్టలేదు.

ప్రయాణానికి ముందురోజు ఆ నక్షత్రాన్ని ఆఖరుసారి చూద్దామనిపించింది. హుండీలో పడ్డాక మళ్ళీ కనబడదు కదా. ముడి విప్పాను. సంవత్సరం అదే, సైజు అదే. పసుపు కూడా ఉంది, కానీ వేలికి తడిగా అంటుకుంది. కింద గుర్తు చూస్తే వజ్రం.

తమ్ముడు వెనక వరండాలో బండి తుడుచుకుంటున్నాడు.

"రూపాయేదిరా?"

"ఏ రూపాయి అప్పా?" అన్నాడు. మావైపు అక్కని అప్ప అంటారు.

"ముడుపులోది."

"అందులోనే ఉంది గదా."

"ఇది ముంబయిది. అమ్మ కట్టింది హైదరాబాదుది."

వాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అరే యార్! అంత సిన్న సుక్క నీకెలాగ కనపడిపోయిందప్పా?"

వెంటనే వాణ్ణి తిట్టి ఉంటే నా గౌరవం నిలిచేది. కానీ నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "ఎంతకిచ్చావు?" అన్నదే.

"రెండు వేలు. ఆ ఆఫీసర్ సాబ్ ఫోన్ చేసినాడు. పసుపంటీసింది, దానికంత రేటు రాదు అన్నాడు."

పసుపంటిందని రేటు తగ్గించాడట! మా అమ్మ ఏడుస్తూ పూసిన పసుపు వాడికి మరక! పైగా వీడు ఎదురు ధర కూడా చెప్పలేదు. ఏ కోపం ముందు చూపించాలో నాకు తెలియలేదు.

"బండి ఇంజను పోయింది, ఏటి సెయ్యమంటావు?" అన్నాడు వాడు. "అయినా ఉసీ సాల్ కా హై అప్పా, అదే సమ్మచ్చరంది. ఆయనే ఎతికి ఇచ్చినాడు. రూపాయి ఏదైనా రూపాయే గదా."

"ఒరే, ఆ రూపాయి ఎవరికోసం కట్టిందో తెలుసా?"

"నాకోసమే గదా. మరైతే నాదే."

చెయ్యి లేచింది. జుట్టు నెరుస్తున్నవాణ్ణి కొట్టలేక దించుకున్నాను. ఆసుపత్రి బయట వసారాలో అమ్మ తెల్లార్లూ పిడికిట్లో పట్టుకున్నది ఆ ఒక్క రూపాయిని. దాని బదులు ఇంకోటి పెడితే ఆ రాత్రి బదులు ఇంకో రాత్రి పెట్టినట్టే. ఈ మాట వాడికి ఎలా చెప్పాలో తెలియక గట్టిగా అరిచాను. వాడూ అరిచాడు.

ఆటో ఎక్కి నెహ్రూ నగర్ వెళ్ళాను. ఆఫీసరు తలుపు తీసి, నా మొహం చూసి, టీ తాగుతావా అని కూడా అడగలేదు.

"మీ తమ్ముడే తెచ్చి ఇచ్చాడమ్మా."

"ఫోన్ చేసింది మీరు. అదే సంవత్సరం వజ్రం వెతికిందీ మీరే. రూపాయి ఏదైనా రూపాయే అయితే అంత కష్టమెందుకు పడ్డారు సార్?"

"ఆ వరసలో నాకు అదొక్కటే ఖాళీ," అన్నాడు మెల్లిగా.

నా ఆల్బమ్‌లోనూ అదొక్కటే ఖాళీ. ఆయన బాధ నాకు అక్షరాలా అర్థమైంది, అందుకే ఇంకా మండింది. జరిగిందంతా గ్రూపులో పెడతానన్నాను.

"పెట్టుకో," అన్నాడు. "నన్ను తిట్టేవాళ్ళు ఒకరిద్దరు. ఎంతకు కొట్టారు గురువుగారూ అని అడిగేవాళ్ళు మిగతా అందరూ."

నిజమే. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ ఫోటో కింద "తీసేసి ఇంకోటి కట్టెయ్యండి" అని సలహాలిచ్చింది వాళ్ళే.

రెండు వేలు తిరిగిస్తానన్నాను. చాలదన్నాడు. ఆయన చూపు దేనిమీద ఉందో నాకు ముందే తెలుసు. నా సంచిలో హైదరాబాదు చీలిన వజ్రం ఉన్న పాత నాణెం తెచ్చాను. దుర్గ్‌లో పాత సామాన్ల కొట్టువాడి ప్రాణం ఆదివారం ఆదివారం తోడేసి సంపాదించుకున్నది. బల్ల మీద పెట్టాను. డబ్బూ పెట్టాను. బేరమాడలేదు. పుట్టి బుద్ధెరిగాక అడిగినంత ఇచ్చేసి వచ్చింది అదే మొదలు. ఆయన నాణెం అంచు పట్టుకుని లైటు కింద తిప్పి చూసుకుంటున్నాడు. నేను నా నక్షత్రం తీసుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి ముడుపు కట్టాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. రైల్లో తమ్ముడు నా ఎదుటి సీటులో కూర్చుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ తిరగడం విశాఖదాకా తిరగడమే.

కొండ మీద హుండీ దగ్గర వెనకనుంచి జనం తోసేస్తున్నారు. అమ్మ కొంగు ముడి విప్పి, ముడుపు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. వేళ్ళు బిగిసిపోయాయి.

"అటేటి సూస్తావు?" అంది అమ్మ. "అది అదే. మీ అప్ప ఎల్లి తెచ్చింది. వరండాలో మీ అరుపులు నాకినపడనేదనుకున్నారేటి ఇద్దరూ?"

వాడు తల వంచుకున్నాడు. "అమ్మా..."

"నీ పేరున కట్టింది. నువ్వే ఎయ్యి."

వాడి చెయ్యి హుండీ నోటిదాకా వెళ్ళి అక్కడ ఆగింది. అమ్మ దణ్ణం పెట్టి కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. పిడికిలి తెరుచుకుని, అరచేతిలో పసుపు మరక తప్ప ఇంకేమీ మిగలనిదాకా వాడి చేతినే చూస్తూ నిలబడ్డాను.